ఆథరైజేషన్ సర్వర్ చిరునామాను క్లయింట్‌కు ఎవరు చెప్పాలి?

ప్రశ్న – మారతహళ్లి, బెంగళూరు

రక్తపరీక్షల ల్యాబుల నుంచి రిపోర్టులను రోగుల ఫోన్లకు చేర్చే యాప్‌ను మా బృందం నిర్మిస్తోంది. ప్రతి ల్యాబుకూ సొంత ఓఆథ్ (అనుమతులిచ్చే ప్రమాణం) ఆథరైజేషన్ సర్వర్ ఉంది; రోగి లాగిన్ అయ్యాక క్లయింట్‌కు, అంటే మా యాప్‌కు, టోకెన్ అనే అనుమతి చీటీ ఇచ్చేది అదే. కొన్ని చిన్న ల్యాబులు మాత్రం ఒకే హోస్టును పంచుకుని, పాత్ (చిరునామాలో హోస్టు పేరు తర్వాతి భాగం) తేడాతో వేరుగా నడుస్తున్నాయి. ఇప్పటిదాకా ఈ చిరునామాలన్నీ యాప్ కోడ్‌లోనే రాసిపెట్టాము. గత నెల ఒక ల్యాబు తన సర్వర్‌ను వేరే డొమైన్‌కు మార్చుకోవడంతో, మేము కొత్త వెర్షన్ విడుదల చేసి అందరూ దానిని దింపుకునే వరకు ఆ ల్యాబు రోగులు ఒక్కరు కూడా లాగిన్ కాలేకపోయారు.

రోగి ఈమెయిల్ అడిగి వెబ్‌ఫింగర్ (ఈమెయిల్ లాంటి పేరును బట్టి దాని వివరాలు వెతికే పద్ధతి) ద్వారా సర్వర్‌ను కనుక్కోవాలని బృందంలో సగం మంది అంటున్నారు. రిపోర్టులిచ్చే ఏపీఐయే (యాప్ సమాచారం అడిగే సర్వర్ ద్వారం) తన ఆథరైజేషన్ సర్వర్ ఏదో చెప్పాలని మిగతావారు అంటున్నారు. ఏ దారి సరైనదో, ఎందుకో అనుభవజ్ఞులు వివరించగలరా?

జవాబు – తరమణి, చెన్నై

రెండో దారి మీకు సరిపోతుందండీ. వెబ్‌ఫింగర్ (ఆర్‌ఎఫ్‌సీ అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో 7033వది, 2013) జవాబిచ్చే ప్రశ్న వేరు: ఈ వ్యక్తి గుర్తింపును ఏ సంస్థ చూసుకుంటుంది అన్నది. ఓఆథ్ మీద కట్టిన లాగిన్ ప్రమాణమైన ఓపెన్‌ఐడీ కనెక్ట్‌లో దానికి చోటు ఉంది. మీ రోగి జీమెయిల్ చిరునామా ఇస్తే దానిలోని డొమైన్ గూగుల్‌ను చూపిస్తుందే తప్ప, రక్తపరీక్ష ఏ ల్యాబులో చేయించుకున్నాడో చెప్పదు. పైగా అవసరం లేని చోట ఈమెయిల్ అడిగినట్టవుతుంది.

2012లో వచ్చిన ఓఆథ్ 2.0 (ఆర్‌ఎఫ్‌సీ 6749) ఈ చిరునామాలను క్లయింట్ ఎలా తెలుసుకోవాలో నిర్దేశించకుండా వదిలేసింది. సర్వర్ తన వివరాలను ఒక జేసన్ (ప్రోగ్రాములు చదివే పాఠ్య రూపం) పత్రంగా ప్రకటించే పద్ధతిని మొదట 2014లో ఓపెన్‌ఐడీ కనెక్ట్ తెచ్చింది. ఓఆథ్‌కు అదే పని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8414 చేసింది. అయితే ఈ రెండింటిలోనూ ఇష్యూయర్ (ఆథరైజేషన్ సర్వర్‌ను గుర్తించే వెబ్ చిరునామా) ఏదో క్లయింట్‌కు ముందే తెలిసి ఉండాలి. మీకు కావలసిన మొదటి మెట్టు 2025 ఏప్రిల్‌లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9728లో ఉంది. యాప్ టోకెన్ లేకుండా ఏపీఐని అడిగినప్పుడు 401 (అనుమతి లేదు) జవాబుతో పాటు వచ్చే డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఆథెంటికేట్ హెడర్‌లో, ఆ వనరు (అంటే ఆ ఏపీఐ) మెటాడేటా పత్రం, అంటే దాని వివరాల పత్రం, ఎక్కడుందో ఉంటుంది. ఆ పత్రంలో ఆథరైజేషన్ సర్వర్ల ఇష్యూయర్ పేర్లు ఉంటాయి. అక్కడి నుంచి 8414 ప్రకారం మిగతా వివరాలు తెచ్చుకోవచ్చు. ల్యాబు రేపు డొమైన్ మార్చినా ఏపీఐ వైపు ఒక వరుస మారితే సరిపోతుంది.

జవాబు – జయనగర, బెంగళూరు

ఒకే హోస్టు మీద పాత్ తేడాతో ఉన్న ల్యాబుల దగ్గర జాగ్రత్తగా ఉండండి. నేను రెండు రోజులు పోగొట్టుకున్నది అక్కడే. ఓపెన్‌ఐడీ పద్ధతిలో డాట్ వెల్-నోన్ (ఇలాంటి వివరాల పత్రాలకు కేటాయించిన పాత్) భాగాన్ని ఇష్యూయర్ చిరునామా చివర తగిలిస్తారు. 8414లో దానిని హోస్టు పేరుకూ పాత్‌కూ మధ్య చొప్పిస్తారు. డాట్ వెల్-నోన్ అనేది హోస్టు పేరు వెంటనే, పాత్ మొదట్లోనే ఉండాలన్నది డాట్ వెల్-నోన్ ప్రమాణపు అసలు నియమం కనుక 8414 చేసింది సబబే, కానీ రెండు అలవాట్లూ వాడుకలో ఉండటంతో క్లయింట్లు రెండు చోట్లా వెతకవలసి వస్తోంది. మన ఊళ్లో 5వ క్రాస్ అని మాత్రమే చెబితే ఆటోవాలా ఏ లేఅవుట్ అని అడుగుతాడు కదా. హోస్టు పేరు ఒక్కటే చూసి ఇష్యూయర్‌ను గుర్తించే లైబ్రరీ ఆ ప్రశ్న అడగకుండానే బండి తీస్తుంది.

పత్రంలోని ఇష్యూయర్ విలువ మీరు మొదలుపెట్టిన ఇష్యూయర్‌తో అక్షరం అక్షరం సరిపోవాలి. చివరి స్లాష్ (/) ఒకచోట ఉండి మరోచోట లేకపోయినా తిరస్కరించాలి. దానిని "సర్దుబాటు" చేసే కోడ్ రాయకండి. ఇంకొకటి, పత్రంలో లేని అంశానికి కూడా అర్థం ఉంటుంది: పీకేసీఈ (దొంగిలించిన కోడ్‌ను వేరొకరు వాడకుండా చేసే రక్షణ) పద్ధతుల జాబితా లేకపోతే సర్వర్ పీకేసీఈకి మద్దతివ్వదని లెక్క; గ్రాంట్ రకాల (టోకెన్ పొందే పద్ధతుల) జాబితా లేకపోతే ఆథరైజేషన్ కోడ్‌తో (ముందు ఒక కోడ్ ఇచ్చి దానిని టోకెన్‌గా మార్చే పద్ధతి) పాటు ఇంప్లిసిట్ (టోకెన్‌ను నేరుగా ఇచ్చే పద్ధతి) కూడా ఉందని లెక్క.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. వనరే తన సర్వర్‌ను చూపిస్తుందంటే, మోసగాడి వనరు ఏ సర్వర్‌నైనా చూపించవచ్చు కదా?

జవాబు – తరమణి, చెన్నై

చూపించవచ్చు. డిస్కవరీ (ఇలా సర్వర్‌ను కనుక్కోవడం) దారి చెబుతుంది, పూచీ ఇవ్వదు. మోసపు వనరు నిజమైన ల్యాబు సర్వర్‌నే చూపించి, యాప్ అక్కడ తెచ్చుకున్న టోకెన్‌ను తాను అందుకుని అసలు ఏపీఐ దగ్గర వాడగలదు. దీనికి విరుగుడుగా టోకెన్ అడిగేటప్పుడే అది ఏ వనరు కోసమో చెప్పండి (ఆర్‌ఎఫ్‌సీ 8707). సర్వర్ ఆ వనరుకే చెల్లే టోకెన్ ఇవ్వాలి, ఏపీఐ తనది కాని టోకెన్‌ను తిరస్కరించాలి. మెటాడేటా పత్రంలోని వనరు పేరు, మీరు పిలిచిన చిరునామా ఒకటేనా అన్నది కూడా చూడండి.

ఒకే యాప్ అనేక సర్వర్లతో మాట్లాడేటప్పుడు మరో ప్రమాదం ఉంది. 2016లో పరిశోధకులు వెల్లడించిన మిక్స్-అప్ దాడిలో, మంచి సర్వర్ ఇచ్చిన కోడ్‌ను క్లయింట్ పొరపాటున దాడిచేసేవాడి టోకెన్ చిరునామాకు పంపుతుంది. అందుకే ఆథరైజేషన్ జవాబులోనే ఇష్యూయర్ పేరు చేర్చమని 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9207 వచ్చింది.

అన్నిటికంటే ముందు, మీకు ల్యాబులతో ఒప్పందాలు ఉన్నాయి కాబట్టి అంగీకరించే ఇష్యూయర్ల జాబితాను మీ సర్వర్‌లో ఉంచుకుని, డిస్కవరీలో దొరికినది అందులో లేకపోతే ఆగిపోండి. అలాగైతే ల్యాబు డొమైన్ మారినప్పుడు ఆ జాబితాను సవరించాలి నిజమే. కానీ అది మీ చేతిలో పని, రోగి యాప్ దింపుకోనక్కరలేదు. ఏ ల్యాబు సాఫ్ట్‌వేరైనా పాతదై మెటాడేటా ఇవ్వకపోతే, అది మామూలు జేసన్ ఫైలే కనుక చేత్తో రాసి, వారి వెబ్ సర్వర్‌లో సరైన పాత్ దగ్గర పెట్టించండి.