అప్‌డేట్: బొద్దు పిల్లికూనలు, వాటి బెదురు, నా కంగారు

ఎనిమిది నెలల కూనలు రెండూ లావెక్కాయి, చిన్న చప్పుడుకే మంచం కింద దూరుతున్నాయి, తిండి తగ్గిస్తే తెల్లవారుజామున అరుపులు, నాకు నిద్ర లేదు అని అడిగాను కదా. ఆరు వారాలైంది.

తప్పంతా కప్పు కొలతది. అదే కప్పులో ఒకసారి 38 గ్రాములు, ఇంకోసారి 52. ఇప్పుడు వంటింటి త్రాసే. డాక్టర్ చెప్పిన లక్ష్యం 4 కిలోలు, అంటే ఒక్కోదానికి రోజుకు 200 కేలరీలు: డ్రై ఫుడ్ 45 గ్రాములు, వెట్ ఫుడ్ పౌచ్‌లో సగం. బ్రాండ్‌ని బట్టి మారుతుంది, ప్యాకెట్ చూసి లెక్కేయండి. పొద్దున్నే చెరో డబ్బాలో తూచి పెడితే ఇంట్లో ఎవరు పెట్టినా అందులోంచే.

ఒక్కసారిగా కోత పెట్టొద్దు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. తగ్గించడానికే పది రోజులు పట్టింది. రోజుకు నాలుగు పూటలు. ఆఖరిది రాత్రి 11కి మార్చాక అరుపులు ఆగాయి. గిన్నెలు వేరే గదుల్లో, లేదంటే గడుసుది రెండూ నాకేస్తుంది.

బెదురుకి అట్టపెట్టె చాలు, కానీ రెండు కన్నాలుండాలి. ఒక్కటే ఉంటే ఇంకోది దారి కాస్తుంది. దాక్కున్నదాన్ని బయటికి లాగకూడదు (నేను లాగేదాన్ని). కుక్కర్ విజిల్‌కి ముందే వంటింటి తలుపు మూస్తున్నా. మలమూత్రాలకి లిట్టర్ ట్రేలు మూడు పెట్టాను.

బరువు ఇప్పుడు ఆదివారమే చూస్తున్నా. రోజూ చూడటమే నా సగం టెన్షన్. పెద్దది 4.7 నుంచి 4.5కి వచ్చింది. చిన్నది 4.4 దగ్గరే ఆగింది, ఎదిగే వయసు కాబట్టి అదీ మంచిదే అన్నారు.