‘దమెగమి’ని తెలుగులో ఏమనాలి?

‘కోనోసుబా’ అనే జపాను యానిమే ధారావాహికకు సరదాగా తెలుగు ఉపశీర్షికలు రాస్తున్న ఒక సభ్యురాలు, కథానాయకుడు కజుమా తన సహచరి అయిన ఆక్వా అనే దేవతను పిలిచే ‘దమెగమి’ అన్న పేరును ‘పనికిమాలిన దేవత’ అని అనువదించాననీ, అర్థం సరిపోయినా నవ్వు మాత్రం రావడం లేదనీ రాశారు. ఆ నవ్వంతా మాట అల్లికలోనే ఉంది కనుక ముందు దానిని విప్పి చూద్దాం.

జపాను భాషలో ‘దమె’ అంటే పనికిరానిది, ‘మెగమి’ అంటే దేవత. మొదటి మాట చివరి ‘మె’ను కన్నును సూచించే లిపిసంకేతంతో రాస్తారు, రెండవ మాట మొదటి ‘మె’ను స్త్రీని సూచించే సంకేతంతో రాస్తారు. ఈ రెండు ‘మె’లనూ ఒకటిగా కలిపివేస్తే దేవతకు ముందు ‘ద’ అన్న ఒక్క అక్షరం తగిలించినట్లు కనిపిస్తుంది, కానీ చెవికి రెండు మాటలూ పూర్తిగా వినిపిస్తాయి. ఆ ‘ద’ సంకేతానికి మూలార్థం బరువులు మోసే గుర్రం. చవక మిఠాయిలను ‘దగషి’ అనడంలోనూ, పేలవమైన శ్లేషను ‘దజరె’ అనడంలోనూ ఉన్నది అదే. నాలుగు అక్షరాల ఈ విసురు ‘పనికిమాలిన దేవత’ అనేసరికి తొమ్మిది అక్షరాలకు సాగి, తిట్టు కాస్తా వర్ణన అయిపోయింది.

మరొక మిత్రుడు ‘దరిద్రదేవత’ అనమన్నారు. ఆక్వాకు అదృష్టం అతి తక్కువ, వారి బృందాన్ని అప్పులు వదలవు, పైగా ఆమెకు చిన్నదైన ఎరిస్ సాక్షాత్తు అదృష్టదేవత. కనుక ఆ సూచన ఆకర్షణీయంగానే ఉంది. అయినా నేను ఒప్పుకోలేను. దరిద్రదేవత మన సంప్రదాయంలో నిజంగా ఉన్న భావన, ఆమెను ఇంట్లోంచి వెళ్ళగొట్టాలనుకుంటాం. కజుమా ఎంత విసుక్కున్నా ఆక్వాను వెళ్ళగొట్టడు. చనిపోయిన తనను ఎగతాళి చేసిందన్న కోపంతో, కొత్త లోకానికి వెంట తీసుకుపోవడానికి ఏదైనా ఒకటి కోరుకోమంటే ఆమెనే కోరుకున్నవాడు అతడు. మంచు సేనాని చేతిలో తల తెగి పడినప్పుడు అతడిని బతికించినది కూడా ఆ ‘పనికిరాని’ దేవతే.

నా సూచన ‘దేబెత’. మనకు దేబెమొహం ఉంది, దేబిరించడం ఉంది. ‘దేబె’, ‘దేవత’ రెండూ ‘దే’తోనే మొదలవుతాయి కనుక మూలంలో ‘మె’ చేసిన పనిని ఇక్కడ ‘దే’ చేస్తుంది. చిక్కు వచ్చినప్పుడల్లా ఏడుస్తూ కజుమాను పట్టుకుని బతిమాలే ఆమె స్వభావానికి కూడా ఇది సరిగ్గా అతుకుతుంది.

ఇందులో ఇంకొక నష్టం ఉంది, దానిని ఒక్క మాటతో పూడ్చలేం. భక్తులు ‘ఆక్వా సమా’ అని గౌరవంగా పిలిచే దేవతను కజుమా ‘ఒమాయె’ అంటాడు, అంటే మర్యాద లేకుండా ‘నువ్వు’ అని, జపాను ప్రేక్షకుడు అక్కడే నవ్వుతాడు. మనం దేవుణ్ణి ఎప్పుడూ ‘నువ్వు’ అనే పిలుస్తాం కనుక ఆ మాట మనకు తగలదు. ‘ఒసేయ్’ అంటే భార్యాభర్తల వాసన వస్తుంది, వారి మధ్య ఉన్నది అది కాదు. అందుకే భక్తుల మాటల్లో ‘ఆక్వాదేవి గారు’ అన్న అతిమర్యాదను పెట్టి, కజుమా నోట ‘ఏయ్ దేబెతా’ అనిపిస్తే ఆ ఎడం కొంతవరకు తిరిగి వస్తుందని అనుకుంటున్నాను.

ఆమె అతడికి ఇచ్చే జవాబు కూడా అదే అచ్చులో పోసిన మాట కావడం నాకు ఎంతో నచ్చింది. గదిలోంచి బయటకు రాని వాణ్ణి సూచించే ‘హికికొమొరి’నీ, చదువూ ఉద్యోగమూ శిక్షణా లేని వాణ్ణి సూచించే ‘నీట్’నూ కలిపి ఆమె అతడిని ‘హికినీటో’ అంటుంది. ఇద్దరూ ఒకే పద్ధతిలో, ఒకే బరువుతో తిట్టుకుంటారు. వారి స్నేహం సమానుల స్నేహమని సంభాషణలో అంతకంటే స్పష్టంగా ఎక్కడా కనిపించదు. కనుక ‘దేబెత’కు జోడీగా నిలిచే అతుకుమాట ఇక్కడా కావాలి. ‘నీట్’ను అలాగే ఉంచితే మన పాఠకుడికి వైద్యవిద్య ప్రవేశ పరీక్ష గుర్తుకు వస్తుంది. ‘ఇంటిసోంబేరి’ వరకు వచ్చి ఆగిపోయాను, అందులో అర్థం ఉంది గానీ అక్షరాల కలయిక లేదు. అంతకంటే బిగువైన మాట ఎవరికైనా తోస్తే దయచేసి ఇక్కడ రాయండి.