యూరియాకు లింకు పెడుతున్నరు, ఫిర్యాదు ఎక్కడ ఇయ్యాలె?

మాది పరకాల దిక్కు. మూడెకరాల వరి, నాటేసి 22 రోజులైంది, పైపాటు ఎరువు ఆగింది. 45 కిలోల యూరియా బస్తా మీద ధర 266.50 అనే ఉంది. దుకాణంల మాత్రం రెండు బస్తాలకు నానో యూరియా సీసా, జింకు ప్యాకెట్ అంటగడుతున్నరు. 533 కావాల్సింది 1,050 అయితుంది. జింకు దుక్కిలనే వేసిన, మళ్ల ఎందుకు? బిల్లు అడిగితే మిషన్ పనిచేస్తలేదట.

సొసైటీ కాడ రెండు రోజులు చెప్పులు లైన్ల పెట్టి నిలబడ్డ. నా వంతుకు స్టాక్ అయిపోయింది. వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో)కి చెప్పి వారమైంది, ఉలుకూ పలుకూ లేదు.

లింకు లేకుండ, బిల్లుతోని యూరియా తెచ్చుకున్నోళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి: కాయితం మీద ఫిర్యాదు ఎవరికిస్తే పనైంది, మండల వ్యవసాయాధికారికా, కలెక్టరేట్ల ప్రజావాణికా?