ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా, విండోస్‌తో వచ్చేదే చాలా?

పటమట వాసి:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2017లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. ఐ3 ఏడో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్, విండోస్ 10. పాప ఇంటర్ రెండో సంవత్సరం, దాని నోట్సు, మాక్ టెస్టులు అన్నీ దీంట్లోనే. నా బ్యాంకు పనులు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్ను కూడా ఇందులోనే చేసుకుంటాను. నాన్నగారు పోయాక ఆయన పాత ఫొటోలన్నీ స్కాన్ చేసి ఇందులో పెట్టాను. వాటికి వేరే కాపీ లేదు.

కొన్నప్పుడు షాపువాళ్లు వేసిన యాంటీవైరస్‌ను ఏటా రెన్యువల్ చేయిస్తూ వచ్చాను. ఈసారి మరిచిపోయాను, గడువు దాటి రెండు నెలలైంది. వారం రోజులుగా కుడివైపు కింద మూలన 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యువల్ చేయండి' అని ఎర్రగా వస్తోంది. నిన్న రాత్రి అది చూసి పాప భయపడిపోయింది. షాపుకు ఫోన్ చేస్తే మూడేళ్ల ప్యాక్ తీసుకోమన్నారు. ఆఫీసులో కుర్రాళ్లేమో ఏదీ కొననక్కర్లేదు, విండోస్‌లో ఉన్నదే చాలంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీ ఇళ్లల్లో ఏం వాడుతున్నారు, మీకేం అనుభవమైందో చెప్పండి.

బ్రాడీపేట మాస్టారు:
పటమట వాసి గారూ, ముందు ఆ ఎర్ర మెసేజ్ మీద నొక్కకండి, అక్కడ డబ్బు కట్టకండి. మీ యాంటీవైరస్ పంపినది కాకపోవచ్చు. మెసేజ్‌లో చిన్న అక్షరాలతో క్రోమ్ అని, దాని పక్కనో కిందో ఏదో సైట్ పేరు ఉందేమో చూడండి. ఉంటే అది బ్రౌజర్ నోటిఫికేషన్, అంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరవండి. మీరు గుర్తుపట్టని సైట్లన్నీ అక్కడి నుంచి తీసేయండి. నేను కాలేజీ ల్యాబ్ చూసుకున్నవాడిని, రిటైరయ్యాక మా వీధిలో వాళ్ల సిస్టమ్‌లు చూస్తుంటాను. 'వైరస్ వచ్చింది మాస్టారూ' అని పిలిచిన ఇళ్లల్లో చాలాచోట్ల ఇదే కనిపించింది.

పటమట వాసి:
మాస్టారూ, మీరు చెప్పినట్టే మూడు సైట్లు ఉన్నాయి. తీసేశాను, మెసేజ్‌లు ఆగిపోయాయి. పాప మోడల్ పేపర్ పీడీఎఫ్ కోసం వెతుకుతుంటే 'మీరు రోబో కాదని చూపడానికి అలౌ నొక్కండి' అని వచ్చిందట, నొక్కేసింది. చాలా థ్యాంక్సండీ. మరి గడువైపోయిన యాంటీవైరస్ సంగతి?

లక్ష్మీపురం సర్వీస్:
నేను గుంటూరులో సిస్టమ్ సర్వీసింగ్ చేస్తాను, యాంటీవైరస్‌లు కూడా అమ్ముతాను. ఆ మాట ముందే చెప్పి మాట్లాడటం న్యాయం.

అన్నిటికంటే ప్రమాదం మీరిప్పుడున్న పరిస్థితి. కొన్న యాంటీవైరస్ ఉన్నంతసేపు, విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ అయిన డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. గడువు అయ్యాక కొన్నదానికి అప్‌డేట్‌లు రావు, డిఫెండర్ లేచిందో లేదో మనం చూసుకోం. స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని కొట్టి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిస్తే ఇప్పుడు కాపలా ఎవరిదో పేరుతో సహా కనిపిస్తుంది. రెన్యువల్ వద్దనుకుంటే పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కంట్రోల్ ప్యానెల్‌లో తీసినా కొన్ని ముక్కలు మిగిలిపోతాయి కాబట్టి ఆ కంపెనీ సైట్‌లో దొరికే రిమూవల్ టూల్ కూడా నడపండి. రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే లేస్తుంది. రెండు యాంటీవైరస్‌లు మాత్రం ఒకేసారి ఉంచకండి. 4 జీబీ ర్యామ్ మీద అది మౌస్ కూడా కదలనివ్వదు.

కొనాల్సినవాళ్లు ఎవరంటారా? నా దగ్గరకొచ్చేవాళ్లలో రోజుకు పది పెన్‌డ్రైవ్‌లు పెట్టే జెరాక్స్ సెంటర్లు, నెట్ లేని సిస్టమ్ మీద బిల్లింగ్ చేసుకునే దుకాణాలు, ఏదన్నా వస్తే ఫోన్ చేయడానికి ఓ నంబర్ కావాలనుకునే పెద్దవాళ్లు. వాళ్లకు నేను కొనమనే చెబుతాను. పుణెలో పుట్టిన క్విక్ హీల్, చెన్నై కె7 మన దగ్గర ఎక్కువ పోతాయి. కొనేవాళ్లు ఒక్క ఏడాదికే కొనండి. 2017 నాటి మిషన్‌కు మూడేళ్ల ప్యాక్ నేనైతే అమ్మను.

మంగళగిరి:
నేను సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తాను. కంపెనీ ల్యాప్‌టాప్‌లో వాళ్లది వాళ్లు వేస్తారు, ఇంట్లో మాత్రం డిఫెండరే. ప్రకటనలు చూసి కాక పరీక్షలు చూసి ఎంచుకోమని నా మనవి. జర్మనీలో ఏవీ-టెస్ట్ అనే ల్యాబ్ ఉంది. రక్షణ, వేగం, వాడుకలో ఇబ్బంది లేకపోవడం, ఒక్కోదానికి 6 చొప్పున మొత్తం 18 మార్కులు వేస్తుంది. డిఫెండర్‌కు కొన్నేళ్లుగా పూర్తి మార్కులో, దానికి బాగా దగ్గరో వస్తున్నాయి. పదేళ్ల కిందట దాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు, ఆ పాత అభిప్రాయమే ఇంకా షాపుల్లో తిరుగుతోంది.

అయితే లక్ష్మీపురం అన్న చెప్పిన మాటలో నిజముంది. ఆస్ట్రియాలోని ఏవీ-కంపారిటివ్స్ పరీక్షల్లో నెట్ తీసేసి చూసినప్పుడు డిఫెండర్ పట్టుకునేది తగ్గుతుంది. అది క్లౌడ్ మీద, అంటే నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడగడం మీద ఎక్కువ ఆధారపడుతుంది. నెట్ లేని సిస్టమ్‌లో పెన్‌డ్రైవ్‌లు పెట్టేవాళ్లకు కొన్నదే నయం. మీ ఇంట్లో ఎప్పుడూ నెట్ ఉంటుంది కాబట్టి మీకా ఇబ్బంది లేదు.

ఉచితంగా వచ్చే వేరే యాంటీవైరస్‌ల విషయంలో నాకు ఒకటే బాధ. అవాస్ట్ ఉచితంగా ఇచ్చి, జనం ఏయే సైట్లు చూశారో ఆ వివరాలు జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. 2020లో ఆ సంస్థను మూసేశారు, 2024లో అమెరికాలో వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ అవాస్ట్‌ను 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. కాపలా పెట్టుకున్నవాడే మన ఇంటి సంగతులు బయట చెప్పడం నేను క్షమించలేకపోయాను.

ఏలూరు రోడ్ డీటీపీ:
నా సంగతి రాస్తాను, మరొకరికి జరగకూడదని. మాది పెళ్లికార్డుల డీటీపీ. డబ్బు కట్టిన యాంటీవైరస్ ఉంది, గడువు కూడా ఉంది. శ్రావణం ముహూర్తాల రద్దీలో ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ అత్యవసరమై దాని క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ) దించాను. జిప్ ఫైల్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఉంది. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంది. ఆపాను.

అరగంటకల్లా ఏ ఫైలు చూసినా పేరు చివర కొత్త తోక. ప్రతి ఫోల్డర్‌లో రీడ్‌మీ అని ఒక కాగితం లాంటిది. ఫైళ్లకు వేసిన తాళం తీయాలంటే 980 డాలర్లు కట్టాలి, 72 గంటల్లో కడితే సగం, 490 అని అందులో ఉంది. ఆరేళ్ల కార్డులు, కస్టమర్ల ఫొటోలు అన్నీ పోయాయి. నో మోర్ ర్యాన్సమ్ అని యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్, మరికొందరు కలిసి నడిపే సైట్ ఉంది, తాళం తీసే టూల్స్ అక్కడ ఉచితం. నా ఫైలు పెట్టి చూస్తే 'ఆన్‌లైన్ కీ' అని వచ్చింది, అంటే తాళంచెవి వాళ్ల సర్వర్‌లోనే ఉంది. డబ్బు కట్టలేదు. ప్రూఫ్ కోసం కస్టమర్లకు వాట్సాప్‌లో పంపిన బొమ్మలు చూసుకుంటూ, నేనూ మా ఆవిడా నాలుగు రాత్రులు కూర్చుని ఆ వారం కార్డులన్నీ మళ్లీ టైపు చేశాం.

ఇప్పుడు డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేశాను. నేను అనుమతించని ప్రోగ్రామ్ నా ఫోల్డర్లలో రాయలేదు. మొదట్లో మేం కార్డులు చేసే పేజ్‌మేకర్‌ను కూడా సేవ్ చేయనివ్వలేదు, దాన్ని అనుమతి జాబితాలో చేర్చుకోవాలి. ఇది డిఫెండర్ కాపలా ఉన్నప్పుడే పనిచేస్తుంది, కొన్నది వేస్తే ఆగిపోతుంది.

మంగళగిరి:
అన్నా, చదువుతుంటే బాధేసింది. జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేది యాంటీవైరస్ లోపలికి చూడకుండానే. ఇంకో మాట కూడా చేరుస్తాను. ఈమధ్య క్రాక్‌లలో వచ్చేవి ఫైళ్లకు తాళం వేయకుండా నిశ్శబ్దంగా బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, మనం లాగిన్ అయి ఉన్నామని బ్రౌజర్ గుర్తుపెట్టుకునే చిన్న ఫైళ్లు, అదే కుకీలు పట్టుకుపోతున్నాయి. రెడ్‌లైన్, లుమ్మా అలాంటివే. కుకీ దొరికితే ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు. అందుకే ఇంట్లో బ్యాంకు పని చేసే సిస్టమ్‌లో క్రాక్ సాఫ్ట్‌వేర్, మోడ్ చేసిన గేమ్‌లు అసలు ఉండకూడదు. పటమట వాసి గారూ, పాపకు వేరే స్టాండర్డ్ అకౌంట్ చేసి ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉంచుకుంటే, సిస్టమ్ మొత్తానికి పట్టే ప్రోగ్రామ్‌లు మిమ్మల్ని అడక్కుండా ఎక్కవు.

తెనాలి:
పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. హాల్ టికెట్ ప్రింట్ తీయించాక ఇలా అయింది. ఫార్మాట్ చేయాల్సిందేనా?

బ్రాడీపేట మాస్టారు:
వద్దమ్మా, ఫార్మాట్ చేయకు. ఫైళ్లు పోలేదు, దాక్కున్నాయి. ఆ షార్ట్‌కట్‌ల మీద మాత్రం డబుల్ క్లిక్ చేయొద్దు, చేస్తేనే అది నీ సిస్టమ్‌లోకి ఎక్కుతుంది. ముందు పెన్‌డ్రైవ్‌ను డిఫెండర్‌తో స్కాన్ చేయి. తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ డ్రైవ్‌కు వెళ్లి అట్రిబ్ కమాండ్‌తో హిడెన్, సిస్టమ్, రీడ్ ఓన్లీ గుర్తులు మూడూ తీసేస్తే అసలు ఫోల్డర్లు కనిపిస్తాయి. వాటిని మాత్రమే కాపీ చేసుకో. ఇకనుంచి ప్రింట్‌కు పెన్‌డ్రైవ్ ఇవ్వకుండా పీడీఎఫ్ మెయిల్ చేయి.

యాంటీవైరస్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, అప్‌డేట్‌లు దానికంటే ముందు. 2017 మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చినప్పుడు మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లకూ తగిలింది. అది విండోస్‌లోని ఒక కంత, అంటే భద్రతా లోపం గుండా, ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్క్‌లో ఒకదాని నుంచి ఇంకోదానికి పాకింది. ఆ కంతను పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్ల విండోస్ 7 సిస్టమ్‌లకు ఏమీ కాలేదు. మా ల్యాబ్‌లో అప్‌డేట్‌లు ఆపేసి ఉంచేవాళ్లం, నెట్ డేటా అయిపోతుందని. ఆ వార్త చూసిన రాత్రి ల్యాబ్ తాళం తీయించి కూర్చుని, ఒక్కో సిస్టమ్ అప్‌డేట్ చేశాను.

పటమట వాసి గారూ, విండోస్ 10కు మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. డిఫెండర్‌కు వైరస్‌ల జాబితా 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది, కానీ విండోస్‌లో పడే కంతలు దానితో పూడవు. ఏ కంపెనీది కొన్నా అంతే. ఈఎస్‌యూ అని ఆ భద్రతా అప్‌డేట్‌లకు పొడిగింపు ఉంది, 2026 అక్టోబర్ 13 దాకా. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిస్తే చేరమని అడుగుతుంది. మీది ఏడో తరం ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కు మారగలిగే వాటి జాబితాలో లేదు.

లక్ష్మీపురం సర్వీస్:
మాస్టారి మాటకు ఒకటి కలుపుతాను. యాంటీవైరస్ ప్యాక్ కోసం అనుకున్న డబ్బుకు ఇంకొంత వేసి, పాత హార్డ్ డిస్క్ బదులు దానికంటే వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ పెట్టించండి. డిఫెండర్ స్కాన్ చేసేటప్పుడు సిస్టమ్ కదలట్లేదని నా దగ్గరకొచ్చేవాళ్లలో ఎక్కువమందిది పాత హార్డ్ డిస్కే.

సింగ్ నగర్ అకౌంట్స్:
ఫొటోలకు వేరే కాపీ లేదన్నారు కదా, అది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను ఇంటి నుంచి నాలుగు దుకాణాల లెక్కలు రాస్తాను. ప్రతి శనివారం బ్యాకప్ తీసేదాన్ని. ఆ డిస్క్ కంప్యూటర్ బల్ల సొరుగులోనే పెట్టేదాన్ని. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. పిల్లల్ని తీసుకుని మేడ మీదకు వెళ్లాం. దిగి వచ్చేసరికి సీపీయూ, సొరుగు, డిస్క్ అన్నీ బురద. గూగుల్ డ్రైవ్‌లో ఉన్న రెండు దుకాణాల లెక్కలు మిగిలాయి. మిగతా రెండూ బిల్లుల నుంచి మళ్లీ రాశాను, సంక్రాంతి దాకా పట్టింది.

ఇప్పుడు రెండు డిస్క్‌లు. ఒకటి నా దగ్గర, ఒకటి గుడివాడలో అమ్మవాళ్లింట్లో. వెళ్లినప్పుడల్లా మార్చుకుంటాను. కాపీ అవ్వగానే తీసేస్తాను. ఏలూరు రోడ్ అన్నకు జరిగినట్టు జరిగితే తగిలించి ఉన్న డిస్క్‌లోవి కూడా పోతాయి. దయచేసి ఈ ఆదివారమే కాపీ తీయండి. యాంటీవైరస్ తర్వాతైనా చూసుకోవచ్చు.

పటమట వాసి:
అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. పది రోజుల్లో చేసినవి రాస్తున్నాను. పాత యాంటీవైరస్ తీసేశాను, రిమూవల్ టూల్ కూడా నడిపాను, డిఫెండర్ లేచింది. రాత్రంతా ఫుల్ స్కాన్ పెడితే రెండు దొరికాయి, రెండూ పాప దించిన ఏదో వీడియో కన్వర్టర్‌లోవి. ఈఎస్‌యూలో చేరాను. ఎస్ఎస్‌డీ పెట్టించాను, సిస్టమ్ ఇంత త్వరగా తెరుచుకోవడం కొన్న రోజు కూడా చూడలేదు. మూడేళ్ల ప్యాక్ వద్దని షాపుకు చెప్పేశాను. నాన్నగారి ఫొటోలు రెండు డిస్క్‌లకు ఎక్కించాను. ఒకటి గుంటూరులో అక్కావాళ్లింట్లో పెడుతున్నాను.

బ్రాడీపేట మాస్టారు:
చాలా మంచి పని చేశారు. అక్కగారింటికి పంపే ముందు ఆ డిస్క్‌ను వేరే సిస్టమ్‌కు తగిలించి, అక్కడక్కడా కొన్ని ఫొటోలు తెరిచి చూడండి. కాపీ అయిందని చూపించినా తెరుచుకోనివి ఉంటాయి.

పటమట వాసి:
ఇప్పుడే ఆఫీసు ల్యాప్‌టాప్‌లో చూశాను మాస్టారూ. 1988 ఫోల్డర్‌లో మూడు తెరుచుకోవట్లేదు. పాత హార్డ్ డిస్క్‌లో మాత్రం బాగానే ఉన్నాయి. ఆ ఫోల్డర్ మళ్లీ కాపీ చేస్తున్నాను, గుంటూరు ప్రయాణం వచ్చే వారానికి మార్చుకున్నాను.