అప్‌డేట్: పరాయి దేశంలో డేటా ప్లాన్ దొరికింది

నివాస కార్డు, ఇక్కడి బ్యాంకు ఖాతా లేకుండా డేటా ప్లాన్ ఎలా తీసుకోవాలని అడిగాను కదా, పని అయిపోయింది. పోస్ట్‌పెయిడ్‌కు ఆ రెండూ కావాలని తిప్పి పంపేశారు. ప్రీపెయిడ్‌కు పాస్‌పోర్ట్ సరిపోయింది. మీరు చెప్పినట్టు *#06# కొట్టి చూస్తే ఈఐడీ నంబర్ (ఫోన్‌లోని ఈ-సిమ్ చిప్ గుర్తింపు సంఖ్య) కనిపించింది, అంటే నా ఫోన్‌లో ఈ-సిమ్ (విడిగా కార్డు పెట్టక్కర్లేని సిమ్) పనిచేస్తుందన్నమాట. వైఫైలో ఉండగానే కంపెనీ ఇచ్చిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆ ఈ-సిమ్ ఎక్కించాను. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ మాత్రం రాదే! అరగంట టెన్షన్ పడ్డాక చూస్తే సెట్టింగ్స్‌లో ఏపీఎన్ (ఫోన్‌ను కంపెనీ నెట్‌కు కలిపే పేరు) గడి ఖాళీ. కంపెనీ మెసేజ్‌లో ఉన్న పేరు అందులో టైప్ చేసి, ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేశాను. వచ్చేసింది. బ్యాంకు ఓటీపీల కోసం పాత సిమ్ అలాగే ఉంచి, దాని డేటా రోమింగ్ ఆపేశాను.