డెవ్‌కిట్ లేకుండా కన్సోల్ గేమ్ రాయడం ఎలా?

కొత్తవాడు: సీ లాంగ్వేజ్ కొంచెం వచ్చు. నిజమైన కన్సోల్ మీద నడిచే గేమ్ రాయాలని ఉంది, చేతిలో డబ్బు తక్కువ. సెకండ్ హ్యాండ్ డెవ్‌కిట్ (గేమ్ రాసేవాళ్ల కోసం కంపెనీ ఇచ్చే ప్రత్యేక కన్సోల్) తీసుకోనా?

పిక్సెల్‌పిచ్చి: వద్దండీ. కొత్త కన్సోళ్ల డెవ్‌కిట్లు కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లకే ఇస్తారు, బయట దొరికింది లాక్ అయి ఉంటే ఇక దేనికీ పనికిరాదు. నింటెండో వాళ్ల పాత చేతి కన్సోల్ గేమ్ బాయ్ అడ్వాన్స్ పట్టుకోండి. 16.78 మెగాహెర్ట్జ్ ఆర్మ్ ప్రాసెసర్, హాయిగా సీలోనే రాసుకోవచ్చు, కోడ్‌ని గేమ్‌గా మార్చే డెవ్‌కిట్‌ప్రో టూల్స్, ఆ గేమ్‌ని కంప్యూటర్‌లోనే నడిపి చూపే ఎంజీబీఏ ఎమ్యులేటర్ రెండూ ఫ్రీ.

రెట్రోరాజు: సరే గానీ, ఎమ్యులేటర్‌లో ఆడింది కదా అని సంబరపడిపోకండి. మొదటి గేమ్ బాయ్‌లో అయితే స్క్రీన్ మీద గీత గీస్తున్న క్షణంలో వీడియో మెమరీలోకి ఏం పంపినా గాల్లో కలిసిపోతుంది, కొన్ని పాత ఎమ్యులేటర్లు అదేం పట్టించుకోవు!

కొత్తవాడు: అంటే నిజం కన్సోల్‌లో పరీక్షించడానికి ఫ్లాష్ కార్ట్ (మన ప్రోగ్రామ్ ఎక్కించుకునే క్యాట్రిడ్జ్) కొనక తప్పదా?

పిక్సెల్‌పిచ్చి: అడ్వాన్స్‌లో ఇప్పుడే అక్కర్లేదు. 256 కేబీ లోపు ప్రోగ్రామ్‌ని లింక్ కేబుల్ పోర్ట్‌లోంచే ఎక్కించొచ్చు, మల్టీబూట్ అని వెతకండి.