కస్టమర్లను పక్కదారి పట్టించే సేల్స్ స్క్రిప్ట్‌పై ఫిర్యాదు చేయాలంటే ముందు ఎవరికి చెప్పాలి?

ప్రశ్న:

నేను ఫోన్ ద్వారా వార్షిక సభ్యత్వాలు అమ్మే ఒక సంస్థలో సేల్స్ విభాగంలో పనిచేస్తున్నాను. మొదటి నెల ఉచితమని చెప్పి కస్టమర్‌ను చేర్చుకుంటాము. నెల గడవగానే సంవత్సరం మొత్తానికి రుసుము కార్డు నుంచి దానంతట అదే వసూలవుతుంది. ఈ రెండో సంగతి దాచమని మాకెవరూ రాసి ఇవ్వలేదు, కానీ అది చెప్పడానికి స్క్రిప్ట్‌లో చోటే ఉంచలేదు. "డబ్బులేమైనా కట్ అవుతాయా?" అని కస్టమర్ అడిగితే "ఈ రోజు మీకు ఏమీ పడదండి" అని జవాబిచ్చి, మరో ప్రశ్నకు వ్యవధి ఇవ్వకుండా ఓటీపీ అడగాలి. "ఈ రోజు" అన్న మాటను తేలిగ్గా పలికి ముందుకు వెళ్లిపోవాలని శిక్షణలోనే నేర్పారు. షరతులన్నీ కాల్ ముగిశాక వెళ్లే ఈమెయిల్ అడుగున ఉంటాయి.

ఇటీవల మా టీమ్‌లోని ఒకరితో ఒక పెద్దావిడ "నాకు చూపు సరిగా ఆనదు నాయనా, మీరు పంపేది చదవలేను, నువ్వు చెప్పిందే నమ్ముతున్నాను" అన్నారు. ఆ కాల్‌ను మా టీమ్ లీడర్ మరునాడు మంచి అమ్మకానికి నమూనాగా అందరికీ వినిపించారు. ఇది తప్పు కదా అని నేను అడిగితే "మనం చెప్పిన మాటల్లో ఒక్క అబద్ధం చూపించు" అన్నారు. నిజమే, విడివిడిగా చూస్తే ఏ వాక్యమూ అబద్ధం కాదు.

అలాంటప్పుడు దీన్ని మోసమని ఫిర్యాదు చేయవచ్చా? చేస్తే ముందు సంస్థ లోపల చెప్పాలా, నేరుగా నియంత్రణ సంస్థకు రాయాలా? అదే స్క్రిప్ట్‌తో నేనూ అమ్మకాలు చేశాను కాబట్టి చివరికి నింద నా మీదే పడుతుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

మొదటి జవాబు:

మీ టీమ్ లీడర్ మీ ముందు పెట్టిన కొలబద్దే సరైనది కాదు. ఆ మాటలన్నీ విన్న మామూలు మనిషి ఏమని అర్థం చేసుకుంటాడన్నదే వినియోగదారుల చట్టాలు అడిగే ప్రశ్న. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1983లో వెలువరించిన విధాన ప్రకటన ప్రకారం, చెప్పిన మాటతో పాటు చెప్పకుండా వదిలేసిన మాట కూడా వినియోగదారుణ్ణి తప్పుదారి పట్టించి అతని నిర్ణయాన్ని ప్రభావితం చేయగలదైతే మోసం కిందికే వస్తుంది. అమ్మకం వృద్ధుల వంటి ఒక ప్రత్యేక వర్గాన్ని లక్ష్యంగా చేసుకున్నదైతే ఆ వర్గం వారి దృష్టితోనే దాన్ని చూడాలని కూడా అందులో ఉంది. యూరోపియన్ యూనియన్ 2005లో తెచ్చిన ఆదేశం మరింత సూటిగా, సమాచారం అక్షరాలా నిజమైనప్పటికీ మొత్తం మీద దాన్ని అందించిన తీరు సగటు వినియోగదారుణ్ణి మోసగిస్తే అది తప్పేనని చెబుతుంది. భారతదేశంలో 2023 నవంబరులో డార్క్ ప్యాటర్న్స్‌పై (కస్టమర్‌ను తెలియకుండా ఉచ్చులోకి లాగే పద్ధతులపై) వచ్చిన మార్గదర్శకాలు ఆన్‌లైన్ వేదికలకు ఉద్దేశించినవైనా, ఇలా చేర్చుకుని బయటపడనివ్వని సభ్యత్వాలను అవి ప్రత్యేకంగా పేర్కొన్నాయి.

కాబట్టి ఫిర్యాదుకు ఆధారం ఉంది. ముందుగా టీమ్ లీడర్‌ను దాటి, సంస్థ చట్టాలను, నియమాలను పాటిస్తోందో లేదో చూసే కంప్లయన్స్ విభాగానికి లిఖితపూర్వకంగా తెలియజేయడం మంచిదని నా అభిప్రాయం. స్క్రిప్ట్ గురించి పైవారికి నిజంగా తెలియని సంస్థలు కూడా ఉంటాయి. వాటికి సరిదిద్దుకునే అవకాశం ఒకసారి ఇవ్వాలి.

రెండో జవాబు:

పై జవాబులోని చట్టం సంగతితో ఏకీభవిస్తున్నాను. ముందు లోపల చెప్పాలన్న సలహాను మాత్రం అందరికీ ఒకేలా ఇవ్వకూడదు, ఎందుకంటే మీరు ఎవరికి ముందు చెప్పారన్న దాని మీదే మీకు దొరికే రక్షణ ఆధారపడి ఉండవచ్చు. అమెరికాలో డిజిటల్ రియల్టీ సంస్థలో పనిచేసిన ఒక ఉన్నతోద్యోగి అనుమానాస్పద వ్యవహారాలను తన పైఅధికారులకు మాత్రమే తెలియజేసి ఉద్యోగం పోగొట్టుకున్నారు. షేర్లు, బాండ్ల వంటి సెక్యూరిటీస్ వ్యవహారాలను చూసే నియంత్రణ సంస్థకు ఆయన ముందుగా ఫిర్యాదు చేయలేదు కాబట్టి 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టంలోని రక్షణ వర్తించదని 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది సెక్యూరిటీస్‌కు సంబంధించిన చట్టం, మీ విషయం వేరు. అయినా సదుద్దేశంతో లోపల చెప్పిన మనిషికి ఎంత నష్టం జరగగలదో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది.

బ్రిటన్‌లో 1998 నాటి చట్టం ప్రకారం యజమానికి చెప్పినవారికీ రక్షణ ఉంటుంది. యూరోపియన్ యూనియన్ 2019 ఆదేశం లోపలి మార్గాన్ని ప్రోత్సహిస్తూనే, నేరుగా అధికారుల వద్దకు వెళ్లే హక్కు కూడా ఇచ్చింది. లోపల ఫిర్యాదు చేస్తే 7 రోజుల్లో అందినట్టు తెలపాలి, తీసుకున్న చర్యల గురించి 3 నెలల్లోగా సమాధానం ఇవ్వాలి. భారతదేశంలో 2014 నాటి విజిల్‌బ్లోయర్ల (తప్పులను బయటపెట్టేవారి) రక్షణ చట్టం ప్రభుత్వోద్యోగులపై వచ్చే ఆరోపణలకు సంబంధించినదే తప్ప ప్రైవేటు సంస్థల సంగతి అందులో లేదు. 2013 కంపెనీల చట్టంలోని 177వ సెక్షన్ మాత్రం లిస్టయిన కంపెనీల్లోనూ మరికొన్ని తరగతుల కంపెనీల్లోనూ ఫిర్యాదుల యంత్రాంగం ఉండాలనీ, తగిన సందర్భాల్లో ఆడిట్ కమిటీ అధ్యక్షుణ్ణి నేరుగా కలిసే వీలు ఉండాలనీ చెబుతుంది. మీకు ఏది వర్తిస్తుందో కార్మిక చట్టాలు తెలిసిన న్యాయవాదిని అడిగి తేల్చుకున్న తరువాతే మొదటి ఈమెయిల్ పంపండి.

మూడో జవాబు:

నేను ఇటువంటి ఫిర్యాదే చేసినవాణ్ణి. ఎవరికి చెప్పాలన్నది ఎంత ముఖ్యమో, ఏం చూపించగలరన్నదీ అంతే ముఖ్యం. సంస్థకు అనుమానం వచ్చిన రోజే స్క్రిప్ట్ మారిపోతుంది, పాతది ఎవరికీ గుర్తుండదు. అందువల్ల ఇప్పటి నుంచే ఇంట్లో ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి, ఎవరు, ఏ సమావేశంలో, ఏ మాట అన్నారో వారి మాటల్లోనే రాసుకోండి. మీ ఊహలను అందులో కలపవద్దు. "మోసం చేయమన్నారు" అని రాస్తే అది మీ అభిప్రాయంగా మిగిలిపోతుంది. "ఈ రోజు అన్న మాట తేలిగ్గా పలకమన్నారు" అని రాస్తే దర్యాప్తు చేసేవారు వెళ్లి ఆ రికార్డింగులే వింటారు.

కాల్ రికార్డింగులను, కస్టమర్ల జాబితాను మీ సొంత ఈమెయిల్‌కు పంపుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. వాటిలో కస్టమర్ల వివరాలు ఉంటాయి, డేటా దొంగిలించారన్న ఒక్క కారణంతో మిమ్మల్ని తొలగించి అసలు విషయాన్ని పక్కన పడేయగలరు. ఆ పెద్దావిడ కాల్ రికార్డింగు మీ చేతిలో ఉండనక్కర్లేదు, అది ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఏ శిక్షణ సమావేశంలో వినిపించినదో రాస్తే చాలు. అధికారం ఉన్నవారు తెప్పించుకుంటారు. మీకు ఇప్పటివరకు వచ్చిన పనితీరు మదింపులు, ప్రశంసా పత్రాలు మీ దగ్గర ఉంచుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటే వాటిని భద్రపరచండి. నా విషయంలో ఫిర్యాదు చేసిన కొద్దికాలానికే షిఫ్టు మారింది, రేటింగు పడిపోయింది. అంతకుముందు మంచి రేటింగులు ఉన్నాయని చూపించగలిగినందువల్లే ఆ మార్పుకు కారణం చెప్పుకోవలసిన బాధ్యత వారి మీద పడింది.

ప్రశ్న అడిగినవారు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. న్యాయవాదిని కలవాలని నిర్ణయించుకున్నాను. పేరు చెప్పకుండా, ఇలాంటి ఫిర్యాదుల కోసం సంస్థ పెట్టిన ఎథిక్స్ హాట్‌లైన్‌కు ఫోన్ చేయడం గురించి ఏమంటారు? అలాగే, ఇదంతా తేలేవరకు రోజూ అదే స్క్రిప్ట్ చదవడం నాకు చాలా కష్టంగా ఉంది. మానేస్తే టార్గెట్ తప్పుతుంది.

నాలుగో జవాబు:

పేరు చెప్పకపోయినా, ఆ కాల్ వినిపించిన సమావేశంలో కూర్చున్నది కొద్దిమందే అయితే మీరెవరో పోల్చుకోవడం కష్టం కాదు. పైగా ఫిర్యాదు చేసింది మీరేనని సంస్థకు తెలియదంటే, తరువాత జరిగినది కక్షసాధింపు అని నిరూపించడం కష్టమవుతుంది.

నింద గురించి మీ భయం నిరాధారం కాదు. వెల్స్ ఫార్గో బ్యాంకులో టార్గెట్ల ఒత్తిడితో కస్టమర్లకు తెలియకుండా ఖాతాలు తెరిచిన వ్యవహారంలో 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే బ్యాంకు దాదాపు 5,300 మంది ఉద్యోగులను తొలగించింది, వారిలో అత్యధికులు కింది స్థాయి వారే. టార్గెట్లు రూపొందించిన పైస్థాయి వారి సంగతి ఆ తరువాతే చర్చకు వచ్చింది. అందుకే మీ ఫిర్యాదులో స్క్రిప్ట్ రాసినదెవరు, దాన్ని తప్పితే ఇన్సెంటివ్ ఎలా కోస్తారు అన్న రెండు విషయాలు తప్పక ఉండాలి. స్క్రిప్ట్ చదివిన సహోద్యోగుల పేర్లు మీరుగా చేర్చనక్కర్లేదు.

ఇక రోజువారీ కాల్స్ గురించి: స్క్రిప్ట్‌ను పూర్తిగా మానేయకుండానే, కస్టమర్ అడిగినప్పుడు "ఈ రోజు ఏమీ పడదండి, నెల తరువాత సంవత్సరం రుసుము మొత్తం ఒకేసారి పడుతుంది" అని వాక్యం పూర్తిచేయండి. అది నిజం, రికార్డు కూడా అవుతుంది. అలా చెప్పినందుకు మిమ్మల్ని మందలిస్తే, ఎక్కడ తప్పు చేశానో ఈమెయిల్‌లో తెలియజేయమని మర్యాదగా కోరండి. వారు రాసి పంపితే, వసూలు సంగతి దాచడం యాదృచ్ఛికం కాదనడానికి అంతకన్నా బలమైన పత్రం మీకు దొరకదు. పంపకపోతే, మీరు అడిగిన ఈమెయిల్ ఎలాగూ ఉంటుంది, దాన్ని తేదీతో సహా న్యాయవాదికి చూపించండి.